కొనుట ఒక్కనాటి పని, కాచుకొనుట ప్రతిదినపు పని



జిన్నారము, గుమ్మడిదల, పటాన్‌చెరు చుట్టుపట్ల పొలాల్లో పని చేసేవారికి ఆకాశములో చిన్న విమానపు చప్పుడు కొత్త కాదు. దుండిగల్‌లోని వాయుసేన అకాడమీలో 1971 నుండి పైలట్లకు శిక్షణ జరుగుచున్నది. నాట్లు వేసే తల్లులు నడుము ఎత్తి చూస్తారు, పిల్లలు చేతులు ఊపుతారు. యౌవనస్థుల కూడికలలో ఆ విమానాల మాట వచ్చినప్పుడెల్లా మమ్మును అడిగే ప్రశ్న ఒకటున్నది: "అయ్యగారూ, అటువంటిది మనలాంటివాడు ఎవడైనా కొనగలడా?"

కొనగలడు అని మేము చెప్పినప్పుడు వారు నమ్మరు. కాని అది నిజమే. ఇద్దరు కూర్చుండే పాతకాలపు చిన్న విమానము అమెరికా వంటి దేశాల్లో ఒక కొత్త కారు ధరకే దొరుకుతుంది. అదే దేశములో నలుగురు కూర్చుండే కొత్త సెస్నా 172 విమానమునకు 4 లక్షల డాలర్లకు పైగా అవుతుంది. అంత తేడా ఎందుకున్నది? ఆ పాతది కొన్న తరువాత ఏమి జరుగుతుంది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిసికొంటే, విమానము ఎన్నడూ కొనని మన కుటుంబములకు కూడా ఎంతో మేలు కలుగుతుంది. ఏలయనగా పాత లారీ, పాత ట్రాక్టరు, పాత కారు కొనేటప్పుడు వేయవలసిన లెక్క కూడా ఇదే. గోపురము కట్టగోరినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని లూకా సువార్త 14వ అధ్యాయములో ప్రభువు చెప్పినది ఇటువంటి లెక్కనే గదా.

చిన్న విమానము ఎందుకు చవక?

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన వెంటనే అమెరికాలోని కంపెనీలు, యుద్ధము నుండి తిరిగి వచ్చిన పైలట్లందరు సొంత విమానము కొంటారని తలంచాయి. 1946వ సంవత్సరము ఒక్కదానిలోనే 30,000కు పైగా చిన్న విమానాలు తయారు చేశాయి. కొనేవారు అంతమంది లేరు. అనేక కంపెనీలు కొద్దికాలములోనే ఆ పని మానుకొన్నాయి. వాటిలో ఎరోంకా అనే కంపెనీ ఒకటి. 1951లో అది చిన్న విమానాల తయారీ నిలిపివేసింది. ఆనాడు అది చేసిన 'చీఫ్' అనే రెండు సీట్ల విమానాలు కొన్ని నేటికీ ఎగురుచున్నాయి. వయస్సు ఎక్కువ, వేగము తక్కువ, చేసిన కంపెనీ ఆ పని మానుకొన్నది. అందుకే ధర తక్కువ.

ఈ చీఫ్ విమానమునకు మన దేశముతో సంబంధము కలదు. బెంగుళూరులోని హిందుస్థాన్ సంస్థ దానిని ఆధారము చేసికొని 'పుష్పక్' అనే విమానమును తయారు చేసింది. మన బాలానగర్‌లో 1965 నుండి శాఖ నడుపుచున్న హెచ్.ఎ.ఎల్. ఆ సంస్థయే. డాక్టర్ వి.ఎం. ఘాటగే నాయకత్వములో తయారైన పుష్పక్ 1958 సెప్టెంబరు 28న మొదటిసారి ఎగిరింది. దానికి 90 గుర్రాల శక్తి గల ఇంజను. ఉక్కు గొట్టాల చట్రము, దానిమీద రంగు పూసి బిగించిన గుడ్డ. లోపల ఇద్దరు పక్కపక్కనే కూర్చుంటారు. ఇటువంటివి సుమారు 150 తయారై దేశములోని ఫ్లయింగ్ క్లబ్బులకు వెళ్లాయి. ఒక తరము పైలట్లు వాటిమీదనే మొదటి పాఠాలు నేర్చుకొన్నారు. ఇప్పుడవి చాలా అరుదు.

ధర వేరు, ఖర్చు వేరు

ఒకడు అటువంటి పాత విమానమును కొన్నాడని అనుకొందము. ఆ దినమునే అతడు దానిని ఎక్కి ఎగరలేడు.

మొదట కాగితాలు. మన దేశములో ప్రతి విమానము డి.జి.సి.ఎ. అనే కేంద్ర సంస్థ దగ్గర రిజిస్టరు కావలెను. వి.టి. అనే అక్షరాలతో దానికి గుర్తు ఇస్తారు. అది ఎగురుటకు యోగ్యమైనదని ధ్రువపత్రము ఉండాలి. ఆ యోగ్యతను ఏటేటా పరీక్షించి తిరిగి ధ్రువపరచాలి. విదేశములో చవకగా ఉన్నది గదా తెచ్చుకొందమంటే, పాత విమానాల దిగుమతికి వయస్సు విషయమైన నిబంధనలు అడ్డు వస్తాయి. నడిపేవానికి లైసెన్సు కావలెను. సొంతానికి నడుపుకొనే లైసెన్సుకైనా 17 ఏండ్లు నిండాలి, వైద్యపరీక్షలో నెగ్గాలి, కనీసము 40 గంటలు ఎగిరిన అనుభవము ఉండాలి.

తరువాత నీడ. గుడ్డ కప్పిన విమానము ఎండకు, వానకు ఆగదు. సూర్యకాంతికి గుడ్డ బలము పోతుంది. దానిని ఎప్పటికప్పుడు పరీక్షించి, చెడితే మొత్తము విప్పి కొత్త గుడ్డ వేయాలి. గనుక హాంగరు అనే విమానాల షెడ్డులో అద్దె కట్టి ఉంచాలి.

తరువాత ఇంధనము. మన బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోలులో 20 శాతము ఇథనాల్ కలుస్తున్నది. పాత ఇంజనులోని రబ్బరు భాగాలకు అది హాని చేయగలదు. విమానాల కొరకు వేరుగా చేసే ఆవ్‌గ్యాస్ అనే పెట్రోలు కావలెను. 2022 సెప్టెంబరు వరకు దానిని విదేశాల నుండి తెప్పించుకొనేవారు. అప్పటి నుండి ఇండియన్ ఆయిల్ సంస్థ వడోదరలో తయారు చేయుచున్నది. 90 గుర్రాల ఇంజను గంటకు సుమారు 20 లీటర్లు తాగుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంజను ఆయుష్షు. ఈ రకపు ఇంజనును సుమారు 1800 గంటలు నడిచిన తరువాత పూర్తిగా విప్పి బాగు చేయాలి. దీనినే ఓవర్‌హాల్ అంటారు. లెక్క సులువుగా ఉండుటకు ఆ పనికి 18 లక్షలు అవుతుందని అనుకొందము. అప్పుడు ఆ విమానము ఎగిరిన ప్రతి గంటకు, పెట్రోలు గాక, 1,000 రూపాయలు ఖర్చయినట్టే. ఆ 1,000 ఆ దినమున జేబులో నుండి పోదు గనుక అది ఖర్చు అనిపించదు. ఏండ్లు గడిచిన తరువాత ఒక్కసారిగా వచ్చి తలుపు తడుతుంది.

పోనీ, ఖర్చు తగ్గించుటకు ఎగరకుండా ఉంచుదమంటే అదీ కుదరదు. నిలిచిపోయిన ఇంజను లోపల తేమ చేరి తుప్పు పడుతుంది. వాడితే అరుగుతుంది, వాడకపోతే తుప్పు పడుతుంది. వాన కాలము మూలకు నిలిపిన మోటారు పంపుసెట్టును చూచిన రైతుకు ఈ మాట వివరించనక్కరలేదు.

అరుదైన దాని కష్టము

పాతది అయినా అందరి దగ్గర ఉన్న వస్తువైతే ఒక ధైర్యమున్నది. సెస్నా 172 విమానాలు ఇప్పటివరకు 44,000కు పైగా తయారయ్యాయి. దాని సామాను ఎక్కడైనా దొరుకుతుంది, దానిని విప్పి బిగించగల మెకానిక్కు ఎక్కడైనా ఉంటాడు. అరుదైన విమానమునకు ఆ భాగ్యము లేదు. చిన్న భాగము విరిగినా, అది దొరికేవరకు విమానము షెడ్డులోనే ఉంటుంది. దొరికినది ఆ విమానమునకు తగినదేనని కాగితముతో సహా చూపవలెను. సైకిలు షాపులో చేయించుకొని బిగించుటకు వీలులేదు.

మన జిల్లావారికి ఇది బాగా తెలియవలసిన సంగతి. జహీరాబాదులో 1980లలో ఆల్విన్ నిస్సాన్ అనే చిన్న లారీలు తయారయ్యేవి. మన రోడ్లమీద కూరగాయలు, పాలు, పెండ్లివారు అందరు వాటిలో ప్రయాణము చేశారు. తరువాత ఆ కంపెనీ మహీంద్రా చేతికి వెళ్లింది, ఆ పేరు బండ్లు ఆగిపోయాయి. ఆగిపోయిన బండికి సామాను వెదుకుతూ పాత ఇనుము దుకాణాల చుట్టూ తిరిగినవారికి అరుదైన వస్తువు అంటే ఏమిటో తెలుసు. కొనేటప్పుడు అరుదు అనేది అందము. బాగు చేయించేటప్పుడు అదే అరుదు భారము.

మన ఇండ్లలో జరుగుచున్నది

ఈ మాటలు మేము విమానముల కొరకు మాత్రమే వ్రాయుట లేదు. పటాన్‌చెరు, ఇస్నాపూరు, పాశమైలారము, సంగారెడ్డి ప్రాంతాల్లో ఫ్యాక్టరీలు వచ్చిన తరువాత మన కుటుంబాలలోనికి ఒక్కసారిగా పెద్ద సొమ్ము వచ్చే సందర్భములు ఏర్పడ్డాయి. భూమి ఇచ్చినందుకు పరిహారము, ఫ్యాక్టరీ మూతపడినప్పుడు చివరి లెక్క, పదవీ విరమణ సొమ్ము. ఆ సొమ్ము చేతిలో ఉన్నట్టు అమ్మేవానికి మనకంటె ముందు తెలుస్తుంది.

మేము ఎరిగిన ఒక కుటుంబములో తండ్రి పనిచేయుచున్న కంపెనీ మూతపడినది. వచ్చిన సొమ్ముతో ఆయన పాత లారీ కొన్నాడు. కొత్తదాని ధరలో మూడవ వంతుకే వచ్చిందని అందరు సంతోషించారు, మేము ప్రార్థన చేశాము. రెండవ నెలలో గేరుబాక్సు పోయింది. తరువాత టైర్లు. తరువాత ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పన్ను ఒకేసారి వచ్చాయి. లారీ నిలిచిన దినాల్లో కిరాయి లేదు గాని డ్రైవరుకు జీతమున్నది. ఇల్లాలి గాజులు కుదువకు వెళ్లాయి. రెండు సంవత్సరాలలోపే లారీ ఇనుము ధరకు వెళ్లింది. పెద్ద కుమార్తె ఇంటర్మీడియెట్‌తో చదువు ఆపి ప్యాకింగు పనికి వెళ్లింది. ఆ తండ్రి సోమరి కాడు, త్రాగుబోతు కాడు. లారీ ధర తెలిసికొన్నాడు గాని లారీ ఖర్చు ఎంతో ఎవరు ఆయనకు చెప్పలేదు. అందుకే ఇది వ్రాయుచున్నాము.

చిన్న విమానము దేవుని పనిలో

అయితే పాతది, చవకది కొనుటయే తప్పు అని మేము చెప్పుట లేదు. పాత విమానముతోనే గొప్ప పనులు ఆరంభమైన చరిత్ర మన దేశములో ఉన్నది, సంఘ చరిత్రలోను ఉన్నది.

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలా సంచులతో ఎగిరినది పుస్ మాత్ అనే చిన్న విమానములో. అక్కడ నుండి ఆ తపాలాను నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. పెద్ద విమానయాన సంస్థగా తరువాత ఎదిగినది మొదట రెండు చిన్న విమానములు, కొద్దిమంది మనుష్యులు మాత్రమే.

సువార్త పని విషయము చూడండి. యుద్ధములో విమానాలు నడిపిన కొందరు క్రైస్తవ యౌవనస్థులు 1945లో అమెరికాలో ఒక సహవాసముగా కూడి, రోడ్లు లేని చోట్ల పని చేసే మిషనరీలకు విమానముతో సేవ చేయుటకు తీర్మానించుకొన్నారు. మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్‌గా పేరు పొందినది అదే. వారి మొదటి విమానము కొత్తది కాదు. 1933లో తయారైన వాకో అనే రెండంతస్తుల రెక్కల విమానము, అప్పటికే 13 ఏండ్ల పాతది. 1946 ఫిబ్రవరి 23న బెట్టీ గ్రీన్ అనే సహోదరి దానిని నడుపుకొంటూ ఇద్దరు పరిచారకులతో మెక్సికోకు బయలుదేరింది.

ఆ సంవత్సరమే ఆ విమానము దెబ్బతిన్నది. దానిని బాగు చేయుటకు నేట్ సెయింట్ అనే యువ మెకానిక్కును పంపించారు. ఊరికి దూరముగా, సరియైన సామాను లేక, నెలల తరబడి ఆ మరమ్మతు సాగింది. ఇంగ్లండు నుండి వెళ్లిన ఇదే పనివారికి 1948లో మరొక శ్రమ కలిగింది. జాక్ హెమ్మింగ్స్, స్టువర్ట్ కింగ్ అనే ఇద్దరు మైల్స్ జెమిని అనే చిన్న విమానములో ఆఫ్రికా దేశాలు చూచుచుండగా, ఆ సంవత్సరము జూలై 10న అది బురుండి కొండలలో కూలిపోయింది. విమానము పోయింది. దేవుని దయవలన వారిద్దరు ప్రాణాలతో నడిచి వచ్చారు.

ఈ సేవ అక్కడితో ఆగలేదు. నేడు వారికి 100కు పైగా విమానాలున్నాయి. ఎందుకు నిలిచింది? వారు విమానము కొనుటతో పని అయిపోయిందని తలంచలేదు. నడిపేవారితో పాటు బాగు చేసేవారిని సిద్ధపరచారు. నేట్ సెయింట్ తరువాత ఈక్వెడార్ అడవులమీద విమానము నడుపుచు, ఇంజనుకు పెట్రోలు అందే దారి ఆగిపోతే వేరొక దారిలో అందే ఏర్పాటును తానే ఆలోచించి తయారు చేశాడు. 1956 జనవరి 8న ఆయన మరి నలుగురు సహోదరులతో కలిసి హతసాక్షి అయ్యాడు. ప్రాణము ప్రభువుకు అప్పగించిన మనుష్యుడే పెట్రోలు గొట్టము విషయములో అంత జాగ్రత్త చూపాడు. విశ్వాసమునకు జాగ్రత్తకు వైరము లేదని ఆయన జీవితము మనకు చూపుచున్నది.

పిట్టగోడ

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక చిన్న ఆజ్ఞ కలదు. కొత్త ఇల్లు కట్టినవాడు ఇంటి పైకప్పుకు పిట్టగోడ కట్టించాలి. ఎవడైనా పడిపోతే ఆ రక్తాపరాధము ఆ ఇంటిమీదికి రాకూడదు. నా ఇల్లు, నా ఇష్టము అనుటకు దేవుడు చోటివ్వలేదు. మన సొత్తు వలన ఇతరునికి హాని రాకుండ చూచుట ఆరాధనలో భాగమని ఆ ఆజ్ఞ నేర్పుచున్నది.

విమానమునకు ఏటేటా జరిగే పరీక్ష ఆ పిట్టగోడయే. మన ప్రాంతపు ఫ్యాక్టరీలలో బాయిలరు దగ్గర పని చేసే సహోదరులకు ఈ సంగతి తెలుసు. ఇన్‌స్పెక్టరు చూచి ధ్రువపత్రము ఇవ్వనిదే బాయిలరు వెలిగించకూడదు. ఆ కాగితము మీద ఉన్నది సంతకము మాత్రమే కాదు, షిఫ్టులో ఉన్నవారి ప్రాణము. 2019 అక్టోబరు 6న మన పొరుగు వికారాబాదు జిల్లా బంట్వారము మండలములో శిక్షణ విమానము పొలాల్లో కూలి ఇద్దరు యౌవన పైలట్లు మరణించిరి. ఆ తల్లిదండ్రుల దుఃఖము తలంచుకొనినప్పుడు, ఆకాశములో ఎగిరే వస్తువు ఆటవస్తువు కాదని మనస్సు చెప్పుచున్నది. బ్రేకులు సరిగా లేని ఆటోలో బడి పిల్లలను ఎక్కించినప్పుడు కూడా మన మనస్సు అదే మాట చెప్పాలి.

కొనకముందు వేసికొనవలసిన ప్రశ్నలు

విమానము కొనేవారు అలవాటుగా అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నవి. వాటిని మన ఇంటి భాషలోనికి మార్చి ఇక్కడ ఇచ్చుచున్నాము.

మొదటిది, దీని చరిత్ర వ్రాతలో ఉన్నదా? విమానమునకు లాగ్‌బుక్కు ఉంటుంది. ఎన్ని గంటలు నడిచింది, ఏమి మార్చారు, ఎవరు సంతకము చేశారు అన్నీ అందులో ఉంటాయి. పుస్తకము లేని విమానము ఎంత చవక అయినా తెలిసినవారు ముట్టరు. బండికి కూడా కాగితాలు, సర్వీసు రశీదులు అడగండి.

రెండవది, మనకు సంబంధము లేని మెకానిక్కు చేత చూపించామా? అమ్మేవాని మెకానిక్కు అమ్మేవాని మనిషే. 

మూడవది, కొన్న తరువాత చేతిలో ఏమి మిగులుతుంది? ఉన్నదంతా ధరకే పెట్టినవాడు మొదటి మరమ్మతుకే అప్పులవాని గడప ఎక్కుతాడు. సగము మిగల్చుకొని కొనండి.

నాలుగవది, ప్రతిదినము కొంత తీసి పెట్టుచున్నామా? విమానము కలవారు గంటకింత అని ఇంజను నిధి వేస్తారు. మా ఎరుకలో ఒక గ్రామములో నాలుగు కుటుంబాలు కలిసి పాత ట్రాక్టరు కొని, పనికి వెళ్లిన ప్రతి గంటకు కొంత రేకు డబ్బాలో వేసికొన్నారు. డబ్బా తాళము ఒకరి దగ్గర, లెక్క పుస్తకము వేరొకరి దగ్గర. మూడవ ఏట ఇంజను పని వచ్చినప్పుడు వారు ఎవరి దగ్గరకు చేయి చాపలేదు.

ఐదవది, ఒక్కరమే మోయాలా? షెడ్డు అద్దె, ఇన్సూరెన్సు, వార్షిక పరీక్ష కలిపి ఏటికి 5 లక్షలనుకొందము. ఒక్కడు ఏటికి 50 గంటలు ఎగిరితే గంటకు 10,000 పడుతుంది. పదిమంది కలిసి 500 గంటలు ఎగిరితే గంటకు 1,000 మాత్రమే. క్లబ్బులు పుట్టినది ఈ లెక్క వలననే.

ఈ ప్రశ్నలు రేపటికి కూడా పనికి వస్తాయి. 2023లో కేంద్ర ప్రభుత్వము మహిళా సంఘాలకు పొలాల్లో మందు చల్లే డ్రోన్లు ఇచ్చే పథకము ప్రకటించింది. ఖర్చులో 80 శాతము వరకు, 8 లక్షలు మించకుండ, సహాయము అన్నారు. డ్రోను కూడా ఎగిరే యంత్రమే. మన సహోదరీలు దానిని తీసికొనే ముందు బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది, రెక్క విరిగితే ఎక్కడ దొరుకుతుంది, నడిపేది ఎవరు, నిధి ఎవరి దగ్గర అని అడిగి తెలిసికొనవలెను. మందిరానికి జనరేటరు, మైకుసెట్టు, వ్యాను కొనే సంఘ పెద్దలు కూడా ఇట్లే అడగవలెను. కొనుటకు చందా ఇచ్చువారు చాలమంది, ఆయిలు మార్చుటకు చందా ఇచ్చువారు అరుదు.

మన మందల స్థితిని మనము జాగ్రత్తగా తెలిసికొనవలెనని సామెతలు 27వ అధ్యాయము బోధించుచున్నది. ఇంట ఉన్న గొఱ్ఱె అయినా, వాకిట ఉన్న బండి అయినా, ఆకాశములో ఎగిరే యంత్రమైనా దేవుడు మన చేతికి అప్పగించినదే. మనము యజమానులము కాము, గృహనిర్వాహకులము. గృహనిర్వాహకునిలో ప్రభువు వెదకునది నమ్మకత్వము. తక్కువ ధరకు కొన్నాడని ఆయన ఎవనిని మెచ్చుకొన్నట్టు లేఖనములలో మనము చూడము గాని, కొంచెములో నమ్మకముగా ఉన్నవానిని మెచ్చుకొన్నాడు.

ఈ నెలలో మీ ఇంట ఏదైనా కొనే ఆలోచన ఉంటే, కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత ఒక కాగితము తీసికొనండి. ఒక పక్క ధర, ఒక పక్క ఏటేటా ఖర్చు వ్రాయండి. భార్యను, ఎదిగిన పిల్లలను కూర్చుండబెట్టి వ్రాయండి. లెక్క సరిపోతే కృతజ్ఞతతో కొనండి. సరిపోకపోతే ఆగుటకు కూడా ప్రభువు కృప ఇచ్చును గాక. ఆమేన్.